నడుము నొప్పి అంతా వాతమేనా?

మా కాప్రాలో నడుము నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలకు ఒక తీరు, స్కూటరుపై నిత్యం సికింద్రాబాదు వెళ్ళి వచ్చేవారికి ఒక తీరు, వంటింట నిలబడి అలసిపోయే గృహిణికి మరొక తీరు. వావిలాకు కాపడం, గోరువెచ్చని నువ్వుల నూనె మర్దనం మన పెద్దలు చూపిన ఉపచారాలు. వాటిని నేను తక్కువ చేయడం లేదు. సాధారణమైన నొప్పి చాలామందిలో కొద్ది వారాలలోనే తగ్గుతుంది. అంతవరకు కాపడం హాయినిస్తుంది. ప్రతి నొప్పికీ స్కానింగు తీయించడం కూడా డబ్బు దండుగే. నా అభ్యంతరమల్లా కారణం వెదకకుండానే "వాతం" అని తేల్చివేయడం పట్లనే.

మా వీధిలో ఏభై దాటిన ఒక వదినగారు నాలుగు నెలలు నడుము నొప్పితో బాధపడ్డారు. మహానారాయణ తైలం వాడమని చెప్పిన వారిలో నేనూ ఒకరిని. నొప్పి పగటికంటె రాత్రి అధికం. పడుకున్నా ఉపశమనం లేదు. సాయంత్రం ఒళ్ళు కాస్త వెచ్చబడేది, రవికెలు వదులయ్యాయి. "వయసు మీద పడింది కదండీ" అని ఆమే నవ్వేసేవారు. ఒకనాడు మెట్లు దిగుతూ కాళ్ళు తడబడ్డాక గాని ఆసుపత్రికి వెళ్ళలేదు. తేలినది వెన్నెముక క్షయ.

క్షయ అనగానే మనకు దగ్గు స్ఫురిస్తుంది. వెన్నుకు సోకిన క్షయలో దగ్గు లేకపోవచ్చు; అందుకే ఎవరూ అనుమానించరు. 1779లోనే ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ దీనిని వర్ణించాడు. ఎముకల క్షయలో దాదాపు సగం వెన్నెముకకే వస్తుంది. పూసలు క్రమంగా తినివేయబడి, చీము చేరి, వెన్నుపామును నొక్కినప్పుడు కాళ్ళు చచ్చుబడతాయి. అట్టి వెన్నును గట్టిగా మర్దించడం, "విరిపించడం" ఎంత ప్రమాదమో ఊహించండి. సకాలంలో గుర్తిస్తే మందులతోనే చాలావరకు నయమవుతుంది. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ మందులు ఉచితం. వదినగారు ఏడాదికి పైగా మందులు వాడి కోలుకున్నారు గాని, ఎడమ పాదం నేటికీ కొంచెం ఈడుస్తారు.

ఆయుర్వేదం దీనికి అడ్డు చెప్పదు. వాతవ్యాధులు ఎనభై అని లెక్కించి, గృధ్రసిని వాటిలో చేర్చిన చరకుడే, ముందు రోగాన్ని పరీక్షించి పిమ్మటనే ఔషధం యోచించమన్నాడు. మొదటి మెట్టు వదిలి రెండవదానిపైకి దూకుతున్నది మనమే.

ఇంతకంటె తొందరపడవలసిన స్థితి ఒకటున్నది. నడుము నొప్పితోబాటు మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా జారిపోవడం, మలంపై అదుపు తప్పడం, తొడల లోపలివైపు, కూర్చున్నప్పుడు పీటకు ఆనే భాగం మొద్దుబారడం, రెండు కాళ్ళలోనూ బలం సన్నగిల్లడం. వెన్ను అడుగుభాగపు నరాల కట్ట నలుగుతున్నదనడానికి ఇవి గుర్తులు. తెల్లవారనిద్దాం అనుకోరాదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి చేర్చాలి. శస్త్రచికిత్స ఆలస్యమైతే ఆ అదుపు తిరిగి రాకపోవచ్చు. సిగ్గుతో ఈ సంగతి ఇంట్లోవారికి చెప్పని స్త్రీలు ఎందరో!

పూర్వం క్యాన్సరు వచ్చినవారికి కొత్తగా నడుము నొప్పి రావడం, చలిజ్వరంతో ఒక పక్క నొప్పి, చిన్నగా జారిపడిన వృద్ధురాలికి విడువని నొప్పి, పొగ తాగే వృద్ధునికి కడుపులోను నడుములోను హఠాత్తుగా తీవ్రమైన నొప్పి కూడా నూనెతో సరిపెట్టుకోదగినవి కావు. పాతికేళ్ళ కుర్రవానికి పొద్దుటే నడుము బిగుసుకుపోయి, కదిలేకొద్దీ సర్దుకుంటున్నా వైద్యునికి చూపించాలి.

నల్లగొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి మరొక మాట. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీరు తాగినవారి వెన్ను కొయ్యబారుతుంది. 1937లో షార్ట్ బృందం నెల్లూరు జిల్లాలో చూసి వ్రాసినది ఈ వ్యాధినే. దానినీ మనవాళ్ళు వాతమనే అనుకున్నారు.

ఇప్పుడెవరైనా తైలం పేరు అడిగితే, నేను ముందు రాత్రి నొప్పి, జ్వరం, బరువు, మూత్రం సంగతులు అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటున్నారు. అయినా అడుగుతూనే ఉన్నాను.