పోటీ లేకుండా పదవులా?

రిజర్వేషన్ ఇస్తే ప్రతిభ అడుగంటుందని వాదించేవారికి ఎప్పుడూ కొదవలేదు. స్థానిక సంస్థల్లో మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయించినప్పుడు అన్నారు, 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ వాటాను సగానికి పెంచినప్పుడూ అన్నారు. నిజం వేరు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో బలఫుటస్, సుట్టర్ అనే ఆర్థికవేత్తలు విద్యార్థులకు కూడికల పోటీ పెట్టారు. విజేతల్లో మహిళలకు వాటా ఉంటుందని ముందే చెబితే, అంతవరకూ సత్తా ఉండీ వెనకాడిన అమ్మాయిలు బరిలోకి దిగారు. గెలిచినవారి స్థాయి తగ్గలేదు. 2012లో వెలువడిన ఫలితమిది. ముంబైలో మహిళలకు కేటాయించిన వార్డుల్లో, రిజర్వేషన్ ఎత్తేశాక కూడా మహిళలు గెలిచే అవకాశం మిగతా వార్డుల కంటే దాదాపు అయిదు రెట్లు ఉందని రిఖిల్ భావ్నానీ 2009లో తేల్చారు.

ఈ మేలు దక్కాలంటే అసలు పోటీ జరగాలి. 2021 పంచాయతీ ఎన్నికల్లో పుంగనూరు ప్రాంతంలో ఎన్నో సర్పంచ్ పదవులు ఏకగ్రీవమయ్యాయి. నామినేషన్లు వేయనివ్వలేదని ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది. అదే ఏడాది నవంబరులో కుప్పం మున్సిపాలిటీ తొలి ఎన్నికలు హోరాహోరీగా సాగాయి. ఎండలో ఇంటింటికీ తిరిగి ఓటడిగిన మహిళకు ఏ వీధిలో కుళాయి రావడం లేదో తెలుస్తుంది. పెద్దలు కూర్చుని పేరు ఖరారు చేసిన మహిళకు ఆ అవకాశమే లేదు.

ఆపైన భర్తల పెత్తనం. మండల సమావేశంలో ముందు వరుస కుర్చీ ఆయనది, తీర్మానాల పుస్తకంలో సంతకం ఆమెది. ఫ్లెక్సీపై ఆయన ఫొటో పెద్దది. ఊరంతా ‘సర్పంచ్ గారూ’ అని పిలిచేది కూడా ఆయన్నే! ఈ బినామీ పాలనపై కఠిన శిక్షలు ఉండాలని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నియమించిన కమిటీ 2025లో సిఫారసు చేసింది. దాన్ని అటకెక్కిస్తే అన్యాయం.

బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల 1915లోనే వెలసిన మదనపల్లెలో చదువుకున్న ఆడపిల్లలకు కరువా? పోటీ పరీక్షలకు జంకకుండా కూర్చుంటున్నారు. వార్డు సీటు మహిళలకు వచ్చిందనగానే పార్టీలు మాత్రం నాయకుల ఇళ్లలోనే అభ్యర్థుల్ని వెతుకుతున్నాయి.

రాబోయే స్థానిక ఎన్నికల్లో ఏకగ్రీవాల బేరాలను ఎన్నికల సంఘం అడ్డుకోవాలి. అధికారిక సమావేశంలో భర్త కనిపిస్తే అధికారులు బయటికి పంపాలి. పార్టీలు టికెట్లు పనిచేసే మహిళలకివ్వాలి. ఓటర్లారా, మీ వీధికి వచ్చిన అభ్యర్థిని మాట్లాడనివ్వండి. పక్కనున్న ఆయన్ని కాదు.