కాన్పు లేదు, కాన్ఫరెన్సు లేదు

"నల్లగొండ జిల్లా నుంచి వచ్చి గాలిపటాల గురించి మాట్లాడుతున్నావా?" అని ఒక పెద్దావిడ నన్ను అడిగారు. ఆవిడ రచయిత్రి. ఆవిడ కథలు చదివే నేను స్త్రీవాదంలోకి వచ్చాను. అందుకే ఆ మాట మా ఇంట్లోవాళ్ళు అన్నవాటికన్నా లోతుగా దిగింది. ఒక సాహిత్య సభ ముగిశాక భోజనాల దగ్గర, జూలైలో నేను శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే సంగతి వచ్చింది. "ఏ యూనివర్సిటీ? పేపరేమిటి?" అన్నారావిడ. పేపరేమీ లేదండీ, అక్కడి అఖాతంలో కైట్‌బోర్డింగ్ చెయ్యడానికి వెళ్తున్నాను అన్నాను. ఫ్లోరైడుతో నడుములు వంగిన ఆడవాళ్ళ జిల్లా అమ్మా అది, అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

అదే బల్ల దగ్గర, పది నిమిషాల ముందు, ఒక కవిగారు మోటారు సైకిలు మీద లద్దాఖ్ వెళ్ళివచ్చిన సంగతి చెప్పారు. అందరూ ఆసక్తిగా విన్నారు. ఆయన జిల్లాలో రైతులు ఎట్లా ఉన్నారని ఎవరూ అడగలేదు.

మాది కట్టంగూర్. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు వస్తుంది. మా జిల్లా నీళ్ళు ఎముకల్లోకి ఎట్లా వెళ్తాయో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. నాగపూర్ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. కానీ ఒక ప్రాంతపు బాధను ఆ ప్రాంతపు ఆడపిల్ల ఎప్పుడూ నెత్తిన పెట్టుకునే తిరగాలనీ, ఎక్కడికి వెళ్ళినా ముందు దాన్ని దించి చూపించాకే తన మాట చెప్పాలనీ ఎవరు పెట్టారు ఈ నియమం? మగవాళ్ళకు లేని ఈ నియమాన్ని మనమే మనకు పెట్టుకుంటున్నామా అన్నదే ఈ వ్యాసంలో నా తగువు.

కైట్‌బోర్డింగ్ అంటే కాళ్ళ కింద ఒక పలక, నడుముకు కొక్కెం ఉన్న పట్టా, చేతుల్లో ఒక కడ్డీ, ఆ కడ్డీ నుంచి ఇరవై మీటర్లకు పైగా పొడవున్న తాళ్ళు, వాటి చివర చిన్న గది వెడల్పున్న పతంగి. అంచు గొట్టంలో గాలి నింపి ఉంటుంది కాబట్టి నీళ్ళలో పడినా మునగదు, మళ్ళీ లేపవచ్చు. ఈ ఏర్పాటుకు 1984లో ఫ్రాన్సులో లెగెన్యూ అనే అన్నదమ్ములు పేటెంటు తీసుకున్నారు. అంతకు నూటయాభై ఏళ్ళ ముందే, 1820లలో, బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు పతంగులతో బండి లాగించాడు. మనిషిని కూడా లేపగలవా అని చూడడానికి కూతురు మార్తాను కుర్చీలో కూర్చోబెట్టి వందల అడుగుల ఎత్తుకు లేపాడు. ఆ పిల్లకు పైనుంచి ఏం కనిపించిందో, భయం వేసిందో, దిగాక మళ్ళీ ఎక్కుతానందో, ఆ కథ చెప్పే పుస్తకాలు పట్టించుకోవు. పోకాక్ ఆవిష్కర్త అయ్యాడు. మార్తా క్రికెట్ చరిత్రలో డబ్ల్యు.జి. గ్రేస్ తల్లిగా మిగిలింది.

మా ఇంట్లో ఏ పతంగీ నన్ను లేపలేదు. సంక్రాంతికి మా అన్న మిద్దె మీద పతంగి ఎగరేస్తుంటే నేను వెనక చరక్ పట్టుకునేదాన్ని. వదులు అంటే వదలాలి, చుట్టు అంటే చుట్టాలి. మాంజా నా వేళ్ళను కూడా కోసేది, కానీ "కాటా!" అని అరిచే హక్కు అన్నదే. ఒకసారి అడిగాను, దారం నాకిమ్మని. "నీకు గాలి సమజ్ గాదే" అన్నాడు. ముప్పై దాటాక రామేశ్వరం దగ్గర లోతులేని వెచ్చటి నీళ్ళలో రెండు సెలవులు పడుతూ లేస్తూ నేర్చుకున్నాక, గాలి అర్థం కావడానికి దారం చేతిలో ఉంటే చాలని తెలిసింది. చరక్ పట్టుకోవడాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. వంతు మారకపోవడం గురించి చెప్తున్నాను.

ఇక నీళ్ళ సంగతి. మా ఊళ్ళో మగపిల్లలకు నడుముకు బెండు కట్టి వ్యవసాయ బావిలోకి దింపేవాళ్ళు. వారం తిరిగేసరికి వాళ్ళు గట్టు మీది నుంచి దూకేవాళ్ళు. "పోరగాండ్లు బావిల పడ్డరు" అంటే ఎండాకాలం సెలవులొచ్చాయని అర్థం. "ఫలానా పిల్ల బావిల పడ్డది" అంటే ఊరంతా పరుగెత్తేది. ఒకే క్రియ, ఒకే బావి. కర్త ఆడదైతే అర్థం చావు. అయిదేళ్ళు పిహెచ్.డి. కోసం తెలుగు కథలు చదివితే, అక్కడా ఇదే వ్యాకరణం కనిపించింది. నాయిక ఏటి వైపు నడిచిందంటే పాఠకురాలి గుండె జారుతుంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళిన ఆడది తిరిగి వచ్చిందంటే చంకలో కడవ ఉండాలి. ఈదడానికి వెళ్ళి, ఈది, తల తుడుచుకుంటూ ఇంటికొచ్చిన ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సద్దుల బతుకమ్మ నాడు కూడా అంతే. చెరువు మాదే, పాట మాదే, పూలు మేం పేర్చినవే. బతుకమ్మను మా చేతుల్లోంచి అందుకుని లోతుకు తీసుకుపోయి వదిలేది మాత్రం మా ఊళ్ళో మగపిల్లలే. మేం మోకాళ్ళ లోతు దగ్గర ఆగేవాళ్ళం.

ఇది అలంకారం కోసం చెప్పే మాట కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత, 2005లో ఆక్స్‌ఫామ్ ఇచ్చిన నివేదికలో తమిళనాడు కడలూరు జిల్లా లెక్క ఉంది: చనిపోయిన ఆడవాళ్ళు 391 మంది, మగవాళ్ళు 146. ఎందుకని చూస్తే ఆ నివేదిక చెప్పిన కారణాల్లో ఈత రాకపోవడం, చెట్లెక్కడం రాకపోవడం ఉన్నాయి. పిల్లల్ని పట్టుకుని ఉండడం ఒకటి. నీళ్ళలో ఆడుకోవడం మగపిల్లలకు ఆట మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా అయింది. మనకు ఆట కాదన్నారు కాబట్టి రెండోదీ దక్కలేదు.

పెద్దావిడ రెండో ప్రశ్న డబ్బు గురించి. న్యాయమైన ప్రశ్నే. ఇది ఖరీదైన ఆట. పరికరాలు ఖరీదు, వీసా ఖరీదు, విమానం ఖరీదు. మా ఊళ్ళో వరి నాటే అక్క ఈ ఆట ఆడలేదు. (గాలి వేగాన్ని నాట్లలో కొలుస్తారు. ఇరవై నాట్లంటే గంటకు ముప్పైఏడు కిలోమీటర్లు. నాట్లు అనగానే నాకు ఇప్పటికీ బురదలో వంగిన నడుములే కళ్ళ ముందుకొస్తాయి. భాష ఎక్కడికెళ్ళినా వెంట వస్తుంది.) నాలుగేళ్ళు దాచిన డబ్బుతో వెళ్తున్నాను. అది నా చదువు వల్ల, రిజర్వుడు కాని నా పుట్టుక వల్ల, మా అమ్మానాన్నల ఎకరాల వల్ల దాచగలిగిన డబ్బు. ఈ లెక్క నేను దాచడం లేదు. కానీ అంతే డబ్బుతో బంగారం కొంటే ఎవరూ ఏమీ అనకపోయేవారు. పెళ్ళి ఖర్చుకు దాచానంటే మెచ్చుకునేవారు. పేపరు చదవడానికి వెళ్తున్నానంటే ఆవిడే విమానం గురించి సలహా చెప్పేవారు. డబ్బు మీద కాదు, ఆ డబ్బుతో కొన్నది నాకు తప్ప ఎవరికీ ఉపయోగపడదని కదా కోపం?

అందరూ వెళ్ళగలరా అంటే వెళ్ళలేరు. అయితే నీళ్ళ మీది ఆటలు మనవాళ్ళకు పుట్టుకతోనే పరాయివన్న మాట కూడా నిలవదు. హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవ నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన దేశం తరఫున పోటీ పడింది. గోలి శ్యామల నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021లో శ్రీలంక నుంచి పాక్ జలసంధి ఈదారు. ఆ రెండు వార్తలూ స్పోర్ట్స్ పేజీల్లో చదివాను. మన పత్రికల్లో వెతికితే దొరకలేదు. మన పేజీల్లో స్త్రీ శరీరం గాయపడుతుంది, శ్రమిస్తుంది, కంటుంది, కోరుకుంటుంది. ఆడదు. ఈ లోటు గురించి ఇరవై ఏళ్ళుగా మనం ఒక ప్రత్యేక సంచిక కూడా వెయ్యలేదు.

అమ్మ ప్రశ్న వేరు. "అక్కడ పండుగ లేదు, పబ్బం లేదు, ఎవ్వలి కాన్పు లేదు. ఏమిటికి పోతున్నవ్ బిడ్డా?" అంది. ఈ ప్రశ్నలో ఒక చరిత్ర ఉంది. 1830లో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యకు కాశీ ఉంది. ఆయన యాత్రాచరిత్ర ఎం.ఏ.లో చదివాను. 1876లో ఇంగ్లండు యాత్ర మీద పుస్తకం వేసిన పోతం జానకమ్మ పేరు మాత్రం ఎం.ఏ. అయిపోయిన ఎన్నో ఏళ్ళకు తెలిసింది. ఈనాడు తెలుగు ఆడవాళ్ళు అమెరికా వెళ్ళని నెల లేదు. మా పెద్దమ్మ రెండుసార్లు వెళ్ళింది. ఫాస్టర్ సిటీలో మా అక్క ఇంట్లో ఆరేసి నెలలు ఉంది. బాలింతకు పత్యం వండింది, పసిపిల్లకు నూనె రాసి స్నానం పోసింది, రాత్రుళ్ళు మేలుకుంది. ఆ ఊరు అఖాతం ఒడ్డునే ఉంది. థర్డ్ అవెన్యూ చివర రోజూ మధ్యాహ్నం పదుల కొద్దీ పతంగులు లేస్తాయి. "నీళ్ళెట్ల ఉన్నయి పెద్దమ్మా?" అని అడిగితే, "కిటికీలకెంచి మెరుస్తుండె" అంది. సంవత్సరం పాటు సముద్రం పక్కన ఉండి ఒక్కసారి కాలు తడుపుకోలేదు. వీసా మీద మాత్రం ఆమె విహారానికి వచ్చిన సందర్శకురాలు.

సరే, నా ప్రణాళిక. అక్కడ ఎండాకాలం గాలి మన గాలివాన లాంటిది కాదు, గడియారం లాంటిది. లోపలి లోయ మన మే నెలలా కాలుతుంది. అక్కడ గాలి వేడెక్కి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి పసిఫిక్ చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. మధ్యాహ్నానికి ఇరవై నాట్లు దాటడం మామూలు. నీళ్ళు చల్లన: జూలైలోనూ వంతెన దగ్గర పదమూడు, పద్నాలుగు డిగ్రీలు. తీరం వెంట అడుగు నీళ్ళు పైకి వస్తుంటాయి కాబట్టి ఎండ కాసినా సముద్రం వెచ్చబడదు. నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు దుస్తులు వేసుకోవాలి. చర్మానికీ దానికీ మధ్య చిక్కిన పలచటి నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి కాపాడుతుంది. 1950లలో బర్కిలీ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ ఆలోచన అది.

వంతెన పక్క క్రిస్సీ ఫీల్డ్ అందరూ ఫొటోల్లో చూసే చోటు. నేను అక్కడ మొదలుపెట్టడం లేదు. పాటు సమయంలో ప్రవాహం వంతెన కిందుగా సముద్రంలోకి లాగుతుంది. ఓడల దారి అదే. ఉన్నట్టుండి గాలి పడిపోతే, పతంగిని నీళ్ళలోనే మడిచి తెప్పలా వాడుకుంటూ ఒడ్డు చేరడం తెలియాలి. మొదటి వారం అలమీడాలో. అక్కడ ఇసుక ఒడ్డు, లోతు తక్కువ. పోటు సమయం చూసుకుని దిగాలి, పాటులో బురద తేలుతుంది. తర్వాత ఫాస్టర్ సిటీ. క్రిస్సీ ఫీల్డ్‌లో దిగుతానో, ఒడ్డున కూర్చుని చూసి వస్తానో నాకే తెలియదు.

అక్కడ పెరిగిన డానియేలా మొరోజ్ 2016లో, పదిహేనేళ్ళ వయసులో, ఈ ఆటలో ప్రపంచ ఛాంపియన్ అయింది. చెక్ దేశం నుంచి వలస వచ్చిన ఆమె అమ్మానాన్నలిద్దరూ అదే అఖాతంలో తెరచాప పలకలు నడిపినవాళ్ళు. 2024లో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌కు ఎక్కినప్పుడు ఆమెకు పతకం రాలేదు. నాకు ఆ పతకాల మీద కాదు, ఆ ఇంటి మీద అసూయ. గాలి ఉన్న రోజు తల్లీ కూతురూ సామాను కారులో వేసుకుని బయల్దేరే ఇల్లు. వలస వెళ్ళినవాళ్ళే కదా, మన అక్కలూ వలస వెళ్ళినవాళ్ళే.

ఇదంతా సాధికారత అని ఎవరైనా మెచ్చుకోబోతే దయచేసి వద్దు. ఆ మాటతో ఇప్పటికే సబ్బులూ స్కూటీలూ అమ్మారు. దీన్నుంచి నేను కవిత్వం తెస్తానని మాట ఇవ్వను, వర్క్‌షాపు పెట్టను. ఆ పెద్దావిడ మీద నాకు గౌరవం తగ్గలేదు. ఆవిడ తరం కారణాలు చూపించి, చూపించి మా తరానికి గడప దాటించింది. ఆ కారణాల పట్టీ నా చేత కూడా మోయించాలనుకోవడం దగ్గరే పేచీ.

అక్కకు రెండో కాన్పు జూన్‌లో. పెద్దమ్మ మూడోసారి వెళ్తోంది. నేనొచ్చేటప్పటికి అక్కడే ఉంటుంది. పతంగి లేపేటప్పుడు అంచు పట్టుకుని నిలబడడానికి ఒక మనిషి కావాలి, సైగ చెయ్యగానే వదిలెయ్యాలి. ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"పసిదాన్ని ఒక్క పూట మీ బావ చూసుకుంటడా?" అంది. తర్వాత, "మోకాళ్ళకు ఆ చలి నీళ్ళు తగుల్తె ఏమన్న అయితదా?"

వైద్యుణ్ణి అడగమన్నాను.

"అడుగుతలే. ఆ రబ్బరుది నాకు పడుతదా, అది అడుగు ముందు."