రెండిళ్ళ బిడ్డ, ఇంటింటి పొగ

తలాఖ్ గానీ ఖులా గానీ జరిగిన పిమ్మట బిడ్డ ఎవరి వద్ద ఉండాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న విషయాలను పెద్దలు గంటల తరబడి చర్చిస్తారు. ఆ బిడ్డ ఏ గాలి పీల్చాలన్న ప్రస్తావన మాత్రం రాదు.

తల్లి కర్నూలులో, తండ్రి కడపలో ఉన్నారనుకుందాం. వేసవి సెలవులకు బిడ్డ నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా తండ్రి ఇంటికి చేరుతుంది. 40 డిగ్రీలు దాటిన ఎండకు తలుపులన్నీ మూసిన గదిలో ఆయన సిగరెట్టు వెలిగిస్తాడు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. పిల్లలు పెద్దలకన్నా వేగంగా శ్వాసిస్తారు. ఆస్తమా ముదరడానికీ, చెవిలో ఇన్ఫెక్షన్లకూ ఈ పొగ కారణమవుతుంది. వాకిట్లో తాగి వచ్చినా దాని అవశేషాలు దుస్తులను, పరుపును అంటుకునే ఉంటాయి. కిటికీ తెరిచాం కదా అన్న సమాధానం చెల్లదు.

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద 2008 అక్టోబరు 2 నుండి అమలవుతున్న ధూమపాన నిషేధం బహిరంగ ప్రదేశాలకే పరిమితం. ఇంటి గడప దాటదు. అయితే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షను బిడ్డ సంక్షేమాన్ని చూడమంటుంది. కనుక బిడ్డను చూసేందుకు అనుమతించే ఉత్తర్వులో ఈ షరతు చేర్చమని న్యాయస్థానాన్ని కోరవచ్చు. 2002లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక న్యాయస్థానం ఈ విషయాన్ని తనంత తానే చేపట్టి, బిడ్డ సమక్షంలో పొగ తాగరాదని తల్లిదండ్రులు ఇద్దరినీ ఆదేశించింది.

ఇద్దరినీ అన్న మాటే ముఖ్యం. తల్లి పుట్టింట తాతగారి బీడీ ఆరదు. అమ్మమ్మ ఒడిలో బీడీల చేట, పక్కనే నిద్రిస్తున్న బిడ్డ, గదంతా పొగాకు ధూళి. అది కంటబడక తండ్రి సిగరెట్టు ఒక్కటే కనబడితే అది బిడ్డపై ప్రేమ కాదు, దావాకు సాక్ష్యం. పొగ మిషతో బిడ్డను తండ్రికి దూరం చేయడాన్ని మేము సమర్థించలేము.

ఇంకొక బాధాకరమైన విషయం. బిడ్డ బస్సు దిగగానే చొక్కా వాసన చూసి, "మీ అబ్బా ఎన్ని తాగాడు?" అని ఆరా తీసే తల్లులున్నారు. నాలుగు సెలవులు గడిచేసరికి ఆ పసిమనసు ఏ ఇంట ఏ అబద్ధం చెప్పాలో నేర్చుకుంటుంది. ఊపిరితిత్తుల గురించి ఆందోళన పడుతూ నాలుకను పాడుచేయడం ఏం న్యాయం?

తలాఖ్ ఆదేశాల నడుమ వచ్చే బఖరా సూరా 233వ ఆయతు, పాలు మాన్పించే సంగతిని సైతం తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలంటుంది. బిడ్డ కారణంగా తల్లిని గానీ తండ్రిని గానీ బాధించరాదంటుంది. పాల విషయంలో అవసరమైన సంప్రదింపు శ్వాస విషయంలో అక్కరలేదా?

ఖర్చు, సెలవుల తేదీలు రాసే కాగితంలోనే రెండు వాక్యాలు చేర్చండి: బిడ్డ ఉన్న రోజుల్లో ఇంట్లో, వాహనంలో ఎవ్వరూ పొగ తాగరాదు; బీడీల పని బిడ్డ పడుకునే గదిలో జరగరాదు. కింద తల్లిదండ్రుల సంతకాలు ఎలాగూ ఉంటాయి. తాతగారి వేలిముద్ర కూడా వేయిస్తే మరీ మంచిది.