కుందేలు ఎవరి ఆస్తి?

ఇంగ్లండ్‌లో క్లోయీ డాల్టన్ అనే ఆమె 2024లో ‘రైజింగ్ హేర్’ అని ఒక పుస్తకం రాసింది. పెద్ద నాయకులకు విదేశాంగ విషయాల్లో సలహాలిచ్చే ఉద్యోగం ఆమెది. కరోనా లాక్‌డౌన్‌లో పల్లెటూరి ఇంట్లో ఉన్నప్పుడు దారి మీద అడవి కుందేలు పిల్ల ఒకటి దొరికింది. ఇంటికి తెచ్చి పాలు పట్టింది. పేరు పెట్టలేదు, బోనులో పెట్టలేదు. పెద్దయ్యాక అది గోడ దూకి పొలాల్లోకి పోయేది, మళ్లీ వచ్చేది. ఆ ఇంట్లోనే పిల్లల్ని కూడా పెట్టింది. ఆ పుస్తకానికి 2025లో వెయిన్‌రైట్ బహుమతి వచ్చింది.

మంచి పుస్తకమే. ఆమె మీద నాకే కోపమూ లేదు. కోపం ఎక్కడొస్తదంటే, ఆ పుస్తకం చూసి మురిసిపోయి పోస్టులు పెట్టేవాళ్లే, గూడెంలో మంచం కింద కుందేలు పిల్ల కనిపించిన వీడియో వస్తే ‘వేటగాళ్లు, పట్టుకోండి’ అని ఫారెస్టోళ్లను ట్యాగ్ చేస్తరు. అదే జంతువు, అదే పాలచుక్క. ఇల్లు మారింది, అంతే.

మన దగ్గర కుందేలు పిల్ల ఇంటికెట్లా వస్తుందో వాళ్లకు తెలియదు. ఇప్పపువ్వు రాలే కాలం, తునికాకు కోసే కాలం. చెట్టు కింద ఆకులు అంటుకుంటయ్, మంట పొదలోకి పాకుతది. తల్లి దూకి పోతది, పిల్ల అక్కడే కదలకుండా కూర్చుంటది. ఆకు కోసే ఆమె దాన్ని కొంగులో వేసుకుని వస్తది. దూది ముంచి మేకపాలు పడతరు. బతికితే గాబు పక్కన చల్లని చోట పడుకుంటది, చిక్కుడాకు తింటది, మంచం నులక కొరికి తిట్లు తింటది. రాత్రిళ్లు ఇంట్లో ఉరుకులు. కొన్ని నెలలకు చేనుదాకా పోయి పొద్దు వాలినంక వస్తది. తర్వాత ఒకరోజు రాదు. ఎవరూ వెతకరు, తలుపుకు ఎప్పుడూ గొళ్లెం లేదు గదా.

ఈ ఇంట్లోకి చట్టం వస్తే దానికి కనిపించేది ఒకటే: ఆస్తి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 39 చదవండి. చట్టానికి విరుద్ధంగా ఇంట్లో ఉంచుకున్న అడవి జంతువు రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. అది చేతికొచ్చిన 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో, అధికారికో చెప్పాలి. చెప్పకపోతే నేరం. ఈ చట్టం కింద సాధారణ నేరానికి 3 ఏళ్ల వరకు జైలు. 25 వేలున్న జరిమానాను 2022 సవరణలో లక్షదాకా పెంచారు. వాగు దాటి, ఆటో దొరికే ఊరుదాకా నడిచి, కొంగులో కుందేలు పిల్లతో స్టేషన్ మెట్లెక్కే ఆకు కూలీని ఊహించుకోండి. స్టేషన్లో ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారా?

చట్టం అందరికీ ఒకటే అంటారు. మరి పట్నం బాల్కనీల్లో ఇనుప పంజరాల్లో ఉన్న రామచిలుకల సంగతేంది? అవీ అదే చట్టం కింద రక్షణ ఉన్న అడవి పక్షులే. పంజరంలో చిలుక ముద్దు, గొళ్లెం లేని ఇంట్లో కుందేలు నేరం.

ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లాలో ఏం జరిగిందో గుర్తుందా? 2022లో ఒక రైతు కాలికి దెబ్బ తగిలిన సారస్ కొంగను బాగుచేశాడు. నయమయ్యాక కూడా అది ఎగిరిపోయి తిరిగి తిరిగి ఆయన దగ్గరికే వచ్చేది, ఆయన బండి వెంట ఎగిరేది. 2023 మార్చిలో అటవీ అధికారులు దాన్ని పట్టుకెళ్లారు. ఆయన మీద కేసు పెట్టారు. కొంగ చివరికి కాన్పూర్ జూ కంచె వెనక తేలింది. ఆకాశంలో ఉన్నదాన్ని కంచెలో వేసి, దానికి ‘సంరక్షణ’ అని పేరు పెట్టారు.

‘మీరు కుందేలును తింటారు గదా, ఇప్పుడు ప్రేమ కబుర్లేంది?’ అని అడిగేవాళ్లుంటరు. తింటాం. పండుగ వేట మన తాతల నుంచి ఉంది. తినే ఇంట్లోనే పిల్లను బతికించడం కూడా ఉంది, మనకు రెండూ ఒకే అడవి సంగతులు. ఇంగ్లండ్‌లో ఆ పుస్తకం వచ్చేనాటికి కుందేళ్లను ఏడాదిలో ఏ నెలలోనైనా తుపాకీతో కాల్చొచ్చు, ఈనే కాలంలో కూడా. దాన్ని ఆపాలని ఆమే అడుగుతున్నది. అక్కడ కాల్చడమూ పెంచడమూ నడుస్తయ్, మనకు రెండూ నేరమే. 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ వేట హక్కును మాత్రం పేరుపెట్టి తీసేసింది.

అయితే అదే చట్టం సెక్షన్ 5లో అడవి జంతువులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ సెక్షన్‌ను ఎంతమంది గ్రామసభ పుస్తకంలో వాడారు? అడవిని కాపాడేది మనమే అని స్టేటస్ పెడతాం, తీర్మానం మాత్రం రాయం.

ఇక తమ్ముళ్లకు ఒక మాట, కొంచెం చేదుగానే. ఈ మధ్య కుందేలు పిల్లను చొక్కా జేబులో పెట్టుకుని రీల్స్ చేస్తున్నరు. పాట వేసి, చెవులు పట్టుకుని ఊపుతూ. అది మన తాతల పద్ధతి కాదు, పట్నపు పంజరమే ఫోన్‌లోకి వచ్చింది. గడ్డిలో ఒంటరిగా కూర్చున్న పిల్ల అనాథ కాదు. అడవి కుందేలు పిల్ల కళ్లు తెరిచి, బొచ్చుతోనే పుడుతుంది. తల్లి దూరంగా ఉండి రోజుకు ఒకసారి, ఎక్కువగా చీకటిపడే వేళ వచ్చి పాలిస్తుంది. పగలు చూసి ‘తల్లి లేదు’ అని ఎత్తుకొస్తే తల్లి నుంచి దొంగిలించినట్టే. ఆ ఇంగ్లండ్ ఆమె కూడా వెంటనే ఎత్తుకోలేదు, కొన్ని గంటలు వదిలి మళ్లీ వచ్చి చూసింది. ఎత్తుకొచ్చినవాటిలో చాలావరకు కడుపు ఉబ్బో, కుక్క అరుపుకు బెదిరో చచ్చిపోతయ్. సంతలో అమ్మే ఎర్రకళ్ల తెల్ల కుందేలు వేరే జాతి, దాన్ని చూసి దీన్ని పెంచొచ్చనుకోకండి.

ఈ ఎండాకాలం తునికాకు మొదలయ్యేలోపే గ్రామసభ పెట్టండి. నాలుగు మాటలు రాయండి. మంటకో, కుక్కకో, బండికో చిక్కిన పిల్లను తప్ప ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే అదేరోజు గ్రామసభ పుస్తకంలో రాయాలి, తేదీ, చోటు, ఎవరి ఇంట్లో ఉందో. 48 గంటలు దాటకముందే ఆ పేజీ ఫొటో బీట్ ఆఫీసర్‌కూ స్టేషన్‌కూ వాట్సాప్‌లో పంపి, ఆ మెసేజ్ దాచిపెట్టాలి. బోను వద్దు, అమ్మకం వద్దు, రీల్ వద్దు. కోలుకున్నాక దొరికిన చోటే వదిలేస్తామని కూడా రాయండి, గ్రామసభ ముద్ర వేయండి. రేపు ఎవరైనా ఇంటిమీదికి వస్తే ఆ తల్లి ఒక్కతే నిలబడకుండా, ఊరంతా సంతకాలతో నిలబడాలి. మొదట తీర్మానం రాసిన గూడెం కాపీ ఇక్కడ పెట్టండి, మిగతావాళ్లు చూసి రాసుకుంటారు.