షేర్లు పడితే క్రిప్టో కాపాడుతుందా? కాపాడదు!



శుక్రవారం వస్తే రూముల్లో ఒకటే మాట: "షేర్ మార్కెట్ పడుతోంది, డబ్బు తీసి క్రిప్టోలో పెట్టు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది పడితే అది లేస్తుంది." చెప్పేది మన జిల్లావాడే, మన భాషలోనే. అందుకే నమ్ముతున్నాం. కానీ ఆ మాట తప్పు.

లెక్క చూడండి. 2020 మార్చి 12న కరోనా భయంతో సెన్సెక్స్ 2,900 పాయింట్లకు పైగా పడింది. అదే రోజు బిట్‌కాయిన్ ధర మూడో వంతుకు పైగా పోయింది. 2022లో అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ దాదాపు మూడో వంతు పడింది. 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16 వేలకు దిగింది. 2024 ఆగస్టు 5న మళ్లీ రెండూ కలిసే పడ్డాయి.

ఎందుకు? రెండింట్లోనూ పెద్ద డబ్బు పెట్టినవాళ్లు చాలావరకు ఒకరే. అమెరికాలో వడ్డీ పెరిగినా, భయం పుట్టినా వాళ్లు ముందు నగదు చేసుకుంటారు. షేర్లూ అమ్ముతారు, క్రిప్టో కూడా అమ్ముతారు. మామూలు రోజుల్లో రెండూ చెరో దారి పోవచ్చు. ఆపద రోజున మాత్రం ఒకే కాడికి కట్టిన ఎద్దులే.

తేడా ఒకటుంది, అదీ మనకు నష్టమే. షేర్ పడినా వెనక ఒక కంపెనీ ఉంటుంది, ఇండియాలో ఫిర్యాదు చేయడానికి సెబీ ఉంది. క్రిప్టోకి ఆ దిక్కు లేదు.

"పడినా మళ్లీ లేచింది కదా" అంటారు. నిజమే, లేచింది. కానీ లేచేదాకా ఆగగలిగేది డబ్బున్నోడు. మనకు పిల్లల ఫీజు ఆగదు, ఆసుపత్రి ఆగదు, వడ్డీ ఆగదు. మనం అడుగు ధరకే అమ్ముకోవాల్సి వస్తుంది.

మనలో చాలామంది వీసా కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుని వచ్చినవాళ్లమే. అంటే ఏడాదికి 24 శాతం. లక్ష అప్పు తీరిస్తే ఏడాదికి 24 వేలు మిగిలినట్టే. ఏ మార్కెట్ పడినా ఆ లాభం పోదు. అది వదిలేసి, ఎండలో చేసిన ఓవర్‌టైం డబ్బు ఎవడో చెప్పిన యాప్‌లో పోస్తారా?

ముందు అప్పు. తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో. ఆ తర్వాతే మార్కెట్ మాట.

మీ రూములో ఎవరైనా ఈ నెల జీతం అటు పంపబోతుంటే, పంపకముందే ఇది చదివి వినిపించండి.