చివరి శనివారపు న్యాయము

సెప్టెంబరు మాసపు చివరి శనివారము మెల్‌బోర్న్ నగరమునకు పెద్ద పండుగ. ఆనాడు మధ్యాహ్నము రెండున్నర గంటలకు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగు గ్రాండ్ ఫైనల్ ప్రారంభమగుట వాడుక. అప్పుడు భారతదేశమున ఉదయము పది గంటలు. లండన్ నగరమున ఇంకను తెల్లవారి యుండదు. ఐనను అచ్చటి అభిమాని చీకటిలోనే లేచి టెలివిజన్ ముందు కూర్చుండును. గెలిచిన ఊరును, ఓడిన ఊరును అతనికి సమానమే. కావుననే ఆ పోటీల గుణమును, దోషమును అతడు నిష్పాక్షికముగా చూడగలుగును.

ఈ ఆట సాధారణమైన ఫుట్‌బాల్ కాదు. దీని తొలి నియమములు 1859లో మెల్‌బోర్న్ నగరమున వ్రాయబడినవి. మైదానము కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. బంతియు కోలగా నుండును. ఒక్కొక్క పక్షమున 18 మంది ఆడుదురు. బంతిని చేతితో విసరరాదు. కాలితో తన్నవలెను, లేదా పిడికిలితో కొట్టి తోడివానికి అందింపవలెను. మైదానపు కొనను నాలుగు స్తంభములు నిలిచి యుండును. నడిమి రెండు స్తంభముల మధ్యగా బంతిని తన్నిన ఆరు పాయింట్లు, ప్రక్క సందులలో నుండి పోయిన ఒక పాయింటు లభించును.

లీగులో 18 జట్లు కలవు. మాసముల తరబడి ఆడిన పిమ్మట, 2000 నుండి 2025 వరకు, వానిలో మొదటి ఎనిమిది జట్లు ఫైనల్ పోటీలకు అర్హత పొందుచు వచ్చినవి. ఐదు మొదలు ఎనిమిది వరకు గల స్థానములలోని జట్టు ఒక్కసారి ఓడిన ఇంటిదారి పట్టవలసినదే. మొదటి నాలుగు జట్లకు మాత్రము తొలివారమున ఓడినను మరొక అవకాశము కలదు. గెలిచిన జట్టునకు ఒక వారము విశ్రాంతియు, తరువాతి పోటీని స్వస్థలమున ఆడు హక్కును లభించును.

ఈ పద్ధతి పరదేశపు అభిమానికి మిక్కిలి ప్రీతికరము. ఏడాది పొడుగున చెమటోడ్చిన జట్టు ఒక్క దినపు దురదృష్టము వలన నశింపరాదు. అట్లని క్రింది జట్టునకు తలుపు మూయనురాదు. 2016లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టు ఏడవ స్థానమున నిలిచియు, నాలుగు ఫైనల్ పోటీలను వరుసగా గెలిచి, 1954 తరువాత మొదటిసారి విజేత యైనది. శ్రమకు గౌరవము, సాహసమునకు అవకాశము రెండును గల ఏర్పాటిది.

కాని తుది వారమున ఈ న్యాయము ఆగిపోవును. ఎవరు గెలిచి వచ్చినను గ్రాండ్ ఫైనల్ మెల్‌బోర్న్ క్రికెట్ మైదానముననే జరుగును. 1897లో తొలి పోటీలు జరిగిననాడు జట్లన్నియు విక్టోరియాకు చెందినవే గనుక నాడది సహజము. నేడు లీగు దేశమంతట వ్యాపించినది. పెర్త్ నగరపు వెస్ట్ కోస్ట్ జట్టు 1987లో చేరినది. 2015లో ఆ జట్టు రెండవ స్థానమున నిలిచి, మూడవదియగు హాథార్న్ జట్టును తొలి ఫైనల్‌లో స్వస్థలమున ఓడించెను. ఐనను తుదిపోటీకి సుమారు 2,700 కిలోమీటర్లు ప్రయాణించి, హాథార్న్‌కు అలవాటైన మైదానమున 46 పాయింట్లతో ఓడెను. 2018లో కాలింగ్‌వుడ్ జట్టుతో సరిగా అట్టి పరిస్థితియే వచ్చినది. అప్పుడు వెస్ట్ కోస్ట్ ఐదు పాయింట్లతో గెలిచెను. గెలిచినంత మాత్రమున ఏర్పాటు న్యాయమైనది కానేరదు.

మెల్‌బోర్న్ వాసుల సమాధానము త్రోసివేయదగినది కాదు. వారి మైదానమున సుమారు లక్షమంది కూర్చుండగలరు; పెర్త్ మైదానమున అరువది వేలమందికే చోటు కలదు. వేలకొలది ప్రేక్షకులను వెలుపల నిలుపుట న్యాయమా యని వారడుగుదురు. తాతల నాటి నుండి వచ్చు సంప్రదాయమునకును విలువ కలదు.

ఐనను సంప్రదాయము శిలాశాసనము కాదు. 2004లో బ్రిస్బేన్ జట్టు స్వస్థలమున ఆడు హక్కు సంపాదించియు, ఒప్పందము కారణముగా, ఫైనల్‌కు ముందటి పోటీని మెల్‌బోర్న్‌లో ఆడవలసి వచ్చినది. ఆ ఒప్పందము తరువాత సడలింపబడినది. కరోనా వ్యాధి ప్రబలినపుడు 2020లో గ్రాండ్ ఫైనల్ బ్రిస్బేన్‌లోను, 2021లో పెర్త్‌లోను జరిగినది. పండుగ శోభ తగ్గలేదు. వ్యాధికి తలవంచిన ఆచారము న్యాయమునకు తలవంచరాదా?

పైస్థానమున నిలిచిన జట్టు రాష్ట్రముననే తుదిపోటీ జరుగుట ఉత్తమము. ప్రేక్షకుల సంఖ్య కొంత తగ్గినను, ఆటగాండ్ర శ్రమకు దక్కవలసిన ఫలము దక్కును. నియమము తొలి వారమునకెట్లో తుది వారమునకును అట్లే వర్తింపవలెను. దూరమున నున్న అభిమాని ఆ మైదానమును ద్వేషించి ఈ మాట యనుట లేదు. ఆటను ప్రేమించి యనుచున్నాడు.