గొంతు మారిన కారు

మోరిస్‌విల్‌లో మన ఇళ్ల గరాజ్‌లకు ఒక వరస ఉంది. వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్ కరోలా. పిల్లలు పుట్టాక సియెన్నా, కాకపోతే ఒడిస్సీ. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక టెస్లా. పెద్దపిల్లని కాలేజీలో దింపి వచ్చాక మగవాళ్లలో కొందరికి నాలుగో దశ మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి ఆయన ఫోన్ పట్టుకుని అటు తిరిగి పడుకుంటే ఏం చూస్తున్నాడో అని కంగారు పడక్కర్లేదు. చూసేది కారే. పోర్ష 911.

(పోర్ష్ అనకూడదట. జర్మన్‌లో చివరి అక్షరం కూడా పలుకుతారు. ఇది తెలియనివాళ్లని సరిదిద్దడం ఈ దశ మొదటి లక్షణం.)

ఆ కారు 2024 మే నెలలో మారింది. అప్పట్నుంచీ దాన్ని ప్రేమించేవాళ్ల మధ్య ఒకటే పేచీ. ఆ పేచీ నా స్నేహితురాలి ఇంట్లోకీ వచ్చింది కాబట్టి నేను కాస్త శ్రద్ధగా విన్నాను. ఇది మగవాళ్ల సోది అని మనం పక్కకి తప్పుకుంటాం. కానీ లక్షా అరవై వేల డాలర్ల సోది మన ఖాతాలోంచి కూడా వెళ్తుంది కదా.

ముందు మారిందేమిటో చెప్తాను. 911కి ఇంజను వెనక ఉంటుంది. ఆరు సిలిండర్లు నిటారుగా ఉండవు, ఇటు మూడు, అటు మూడు పడుకుని ఉంటాయి. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి చూపించినప్పటి నుంచీ ఇదే అమరిక. కొత్త కరెరా జీటీఎస్‌లో ఆ ఇంజను 3.0 లీటర్ల నుంచి 3.6కి పెరిగింది. రెండు టర్బోల చోట ఒక్కటే మిగిలింది. టర్బో అంటే, ఇంజను వదిలే పొగ తాకిడికి తిరిగే పంకా. అది తిరుగుతూ ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపిస్తుంది. పొగ చాలినంత వచ్చేదాకా పంకా వేగం అందుకోదు కనక, మనం కాలు నొక్కడానికీ కారు ఉరకడానికీ మధ్య ఒక చిన్న ఆలస్యం. ఇప్పుడు ఆ టర్బోలోనే చిన్న ఎలక్ట్రిక్ మోటర్ పెట్టారు. పొగ వచ్చేలోపే అది పంకాని తిప్పేస్తుంది. గేర్‌బాక్స్‌లో ఇంకో మోటర్ ఉంది. వీటికి కరెంటిచ్చే బ్యాటరీ 1.9 కిలోవాట్ అవర్లు, అంటే మన టెస్లా బ్యాటరీలో ముప్పయ్యో వంతు. గోడకి ప్లగ్ పెట్టే పని లేదు, నడుస్తుంటే అదే నిండుతుంది. ఇన్ని చేస్తే 473 హార్స్‌పవర్ కాస్తా 532 అయింది. సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి 2.9 సెకన్లు.

ఇదంతా వేగం కోసమే చేశారనుకుంటే పొరపాటు. టర్బో ఇంజన్లని గట్టిగా తొక్కినప్పుడు లోపల వేడి తగ్గించడానికి అవసరాన్ని మించి పెట్రోలు పోయడం మామూలు. ఆ అదనపు పెట్రోలు సగం కాలి పొగ గొట్టంలోంచి బయటికి పోయేది. కాలుష్య నిబంధనలు బిగుస్తున్న ఈ రోజుల్లో ఆ వేషాలు ఎన్నాళ్లో సాగవు. గాలీ పెట్రోలూ ఎప్పుడూ సరైన పాళ్లలోనే కలవాలంటే బలం కొంత తగ్గుతుంది. ఆ తగ్గింది పూడ్చడానికే పెద్ద ఇంజను, మోటర్లు. ఇంజనీర్ల వైపు నుంచి చూస్తే ఇది చాలా తెలివైన పనే.

మరి అభిమానులకెందుకు కోపం?

ఆదివారం పొద్దున కాఫీ కప్పులు పట్టుకుని కార్ల చుట్టూ తిరిగేవాళ్ల దగ్గర నిలబడి వింటే మొదట వినపడేది బరువు గురించి. పాత జీటీఎస్ కంటే ఇది 103 పౌండ్లు ఎక్కువ. మన లెక్కలో చెప్పాలంటే ఇండియా ప్రయాణానికి నింపిన రెండు సూట్‌కేసులు. మిగతా హైబ్రిడ్ కార్లతో పోలిస్తే ఇది ఏమంత బరువు కాదని రెండో పక్షం వాదన. జర్మనీలో న్యూర్‌బుర్గ్‌రింగ్ అనే ట్రాక్ మీద పాతదానికంటే 8.7 సెకన్లు ముందే చుట్టి వచ్చిందని వాళ్లు చూపిస్తారు. ఆ అంకెకి ఎదురు చెప్పడం కష్టం.

రెండో బాధ ఇంకొంచెం లోతైనది. జీటీఎస్‌లో ఇక క్లచ్ లేదు, చేత్తో గేరు మార్చడం లేదు. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే ముల్లు డయల్ అరవై ఏళ్లుగా డాష్‌బోర్డు మధ్యలో ఉండేది. దాని చోట 12.6 అంగుళాల వంపు తెర వచ్చింది. స్టీరింగ్‌కి ఎడమపక్కన తాళంలా తిప్పి స్టార్ట్ చేసే పిడి ఉండేది, దాని స్థానంలో బటన్ వచ్చింది. ఎడమ చేతి తాళానికి వెనక ఒక కథ చెప్తారు. లె మాన్ పందెంలో డ్రైవర్లు పరిగెత్తుకొచ్చి కారెక్కేవారు, ఎడమచేత్తో తాళం తిప్పుతుంటే కుడిచెయ్యి అప్పటికే గేరు మీద ఉండేదని. బటన్ నొక్కి స్టార్ట్ చెయ్యడానికి మా డిష్‌వాషర్ చాలదా అని ఒకాయన విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన నవ్వలేదు.

ఈ శోకం కొత్తదేం కాదు. 911 ఇంజన్లు మొదట గాలితో చల్లబడేవి. 1997లో నీళ్లతో చల్లబడే ఇంజను వచ్చినప్పుడు, ఇంకేముంది, కథ అయిపోయిందన్నారు. దాని ముందు దీపాలు పెనం మీద పగలగొట్టిన కోడిగుడ్డులా ఉన్నాయని వెక్కిరించారు. 2015లో మామూలు కరెరాకి కూడా టర్బోలు తగిలిస్తే గొంతు పోయిందన్నారు. ఆ టర్బో ఇంజన్నే ఇప్పుడు, ఆహా, హైబ్రిడ్ కాని రోజులు అని తలుచుకుంటున్నారు. ఇంకో సంగతి. ఈ కంపెనీ మూలపురుషుడు ఫెర్డినాండ్ పోర్ష 1900లోనే పెట్రోలు ఇంజనూ ఎలక్ట్రిక్ మోటర్లూ కలిపి కారు చేశాడు. హైబ్రిడ్ వల్ల వంశం చెడిందనేవాళ్లకి ఆ ముత్తాతని గుర్తుచెయ్యాలి.

అలాగని అభిమానుల మాట ప్రతిసారీ ఉత్త గొణుగుడే అనలేం. 2016లో ఈ కంపెనీ చిన్న కార్లు బాక్‌స్టర్, కేమన్‌లలో ఆరు సిలిండర్లు తీసి నాలుగు పెట్టింది. బలం పెరిగినా గొంతు బొంగురుపోయిందని జనం ఊరుకోలేదు. 2020లో జీటీఎస్ రకానికి 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను తిరిగొచ్చింది. మెర్సిడెస్ వాళ్లు 2022లో సీ63 లోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజను తీసేసి, రెండు లీటర్ల నాలుగు సిలిండర్లకి మోటర్ కలిపి 671 హార్స్‌పవర్ చూపించారు. అంకె పెరిగింది, అభిమాని మాత్రం కరగలేదు.

ఇందులో మనకి అర్థం కానిదేమీ లేదు. బుల్లెట్ బండి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లని అడగండి. వీధి మలుపులో డుగ్ డుగ్ వినపడగానే నాన్న వస్తున్నాడని పుస్తకాలు తెరిచినవాళ్లం. గేరు కుడికాలి నుంచి ఎడమకాలికి మారినప్పుడూ, ఆ తరవాత పాత క్యాస్ట్ ఐరన్ ఇంజను పోయి కొత్తది వచ్చినప్పుడూ మన ఊళ్లలో ఇదే గొడవ. కొత్త ఇంజను నూనె కార్చదు, మొదటి కిక్కుకే అందుకుంటుంది. అయినా ఆ చప్పుడు లేదే అన్నారు. రోటి పచ్చడికీ మిక్సీ పచ్చడికీ తేడా చెప్పగల మనం ఆ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. మిక్సీ తొందరగా రుబ్బుతుంది, మెత్తగా రుబ్బుతుంది. నోటికి కావలసింది ఆ మెత్తదనం కాదు.

నా లెక్కలో అభిమానులు చప్పుడు విషయంలోనూ క్లచ్ విషయంలోనూ కరెక్టు. బరువు విషయంలో అతిచేస్తున్నారు. తెర విషయంలో ఏడాదిలో అలవాటు పడతారు. అసలు మాట ఇది: కారు ఎంత బాగా తయారైతే, నడిపేవాళ్లకి చెయ్యడానికి అంత తక్కువ పని మిగులుతోంది. వాళ్ల దుఃఖం వేగం గురించి కాదు, పని పోయినందుకు.

ఇప్పుడు నా స్నేహితురాలి సంగతి. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఆమెదీ ఉద్యోగమే. భర్త మనసు జీటీఎస్ మీద పడింది. మొదలు ధర 1,64,900 డాలర్లు, ఇది 2024లో ప్రకటించిన అంకె. మన నార్త్ కరొలైనాలో దాని మీద 3 శాతం హైవే యూజ్ టాక్స్, అంటే సుమారు 5,000. ఏటా టాగ్ రెన్యూవల్‌తోపాటు కౌంటీకీ టౌనుకీ ఆస్తిపన్ను. ఇన్సూరెన్సు సంగతి వేరే. రెండోవాడి కాలేజీకి ఇంకా మూడేళ్లుంది. ఈ లెక్కలన్నీ ఆవిడే ఎక్సెల్ షీట్‌లో వేసింది. వేశాక, కొనకూడదని తేలలేదు. ఈ ధరది వద్దని మాత్రం తేలింది.

ఆ షీటు వేస్తున్నప్పుడే ఆమె కంట పడింది కరెరా టీ. 2024 అక్టోబరులో ప్రకటించిన రకం. అదే 911, మోటర్లు లేవు, 388 హార్స్‌పవర్. ధర లక్షా ముప్పై వేలు దాటుతుంది. ఇది ఆరు గేర్ల మాన్యువల్‌లోనే దొరుకుతుంది, ఆటోమేటిక్ అడిగినా ఇవ్వరు. గేరు పిడి వాల్‌నట్ కర్ర.

ఆమె విజయవాడ పిల్ల. నాన్న అంబాసిడర్ మీద నేర్చుకుంది. దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డు మీద, ముందు బస్సు ఆగితే, వెనక్కి జారకుండా హాఫ్ క్లచ్‌లో నిలబెట్టిన కాలు ఆమెది. ఆయన ఇండియాలో స్కూటర్ నడిపాడు, కారు నేర్చింది ఇక్కడికొచ్చాకే. ఆటోమేటిక్ తప్ప ఎరగడు.

షోరూమ్‌కి ఇద్దరూ వెళ్లారు. అమ్మే అబ్బాయి ఇంజను గురించి ఆయనతో మాట్లాడాడు, సీట్ల రంగుల గురించి ఆమెతో. "వెనక సీట్లు మామూలుగా ఇవ్వరటగా, అడిగితే అదనంగా డబ్బు తీసుకోకుండా పెడతారా?" అని ఆమె అడిగితే ఆయన వైపు తిరిగి జవాబు చెప్పాడట. పెడతారు. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు, ఆ అబ్బాయికి తెలుసో లేదో చూద్దామని అడిగింది. వెనక సీట్లంటే మళ్లీ పెద్ద మాట, సాయంత్రం కూరగాయల సంచులకి చాలతాయి. ఆరడుగుల కొడుకు కాళ్లు మడిచి కూర్చోవాలంటే కష్టం.

ఇంటికొచ్చాక వాదన. ఆయన మాట: మాన్యువల్ ఎవరికి కావాలి, డేవిస్ డ్రైవ్ ట్రాఫిక్‌లో కాలు నొప్పి పుడుతుంది. ఆమె మాట: అదే ట్రాఫిక్‌లో 532 హార్స్‌పవర్ ఏం చేసుకుంటారు? ఐ-40 మీద హద్దు 65. ఈ రాష్ట్రంలో 80 దాటితే అది జరిమానా టికెట్‌తో పోదు, మిస్‌డిమీనర్ కేసు అవుతుంది. మన ఇళ్లలో ఎవరో ఒకరి కాగితాలు ఇంకా ఇమిగ్రేషన్ ఆఫీసులోనే ఉంటాయి, ఆ ఫారాల్లో కేసుల గురించి అడుగుతారు. వేగం చూసుకోవాలంటే వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వే దాకా వెళ్లి ట్రాక్ మీద తొక్కాలి. ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు? చూపులకే అయితే ఫోన్‌లో చూసుకోవచ్చు, నడపడానికైతే నేను నడపగలిగేది కొనండి.

"నీకెందుకే స్పోర్ట్స్ కారు" అన్నాడట. ఆయన మంచివాడే, చెడ్డగా అన్న మాట కాదు. కానీ ఆ మాటకే ఆమెకి పట్టుదల వచ్చింది. ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని భరతనాట్యానికీ, కుమాన్‌కీ, స్విమ్మింగ్‌కీ తిప్పిన మైళ్లు లెక్కేస్తే ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ నడిపింది ఆవిడే. ఇంజను గురించి అభిప్రాయం ఉండడానికి అంతకన్నా అర్హత ఏం కావాలో నాకు తెలియదు.

వాళ్లు ఏదీ కొనకుండా కూడా ఉండచ్చు. కొంటే క్యారీ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేది మాత్రం తనేనని ఇప్పుడే ఒప్పందం రాయించుకుంది.

టెస్ట్ డ్రైవ్ శనివారం పదకొండింటికి. కరెరా టీ. ముందు ఆమె నడుపుతుంది, ఆయన పక్కన కూర్చుంటాడు. క్లచ్ తొక్కడానికి పల్చటి అడుగున్న చెప్పులు కావాలని నిన్న రాత్రి క్లాజెట్ అంతా వెతుకుతూ నాకు ఫోన్ చేసింది.